విశ్రాంత యుద్ధనౌకల అంతిమగతి: విశాఖ తీరం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సేవ ముగిసిన యుద్ధనౌకను విడగొట్టి ఇనుముగా అమ్మవచ్చు, ప్రదర్శనశాలగా నిలపవచ్చు, లేదా సముద్రంలో ముంచి జలచరాలకు ఆవాసంగా మార్చవచ్చు. విశాఖ తీరచరిత్ర ఆధారంగా ఈ మూడు మార్గాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: యుద్ధనౌకలు, కృత్రిమ ప్రవాళభిత్తి, కురుసుర, ఘాజీ, విరాట్.

1. ముంచే పద్ధతి:
ఇసుక, బురద పరచుకున్న సముద్రగర్భంలో జీవులు అంటుకొనడానికి గట్టి ఆధారం అరుదు. ఉక్కు ఓడ ఆ లోటు తీరుస్తుంది. మొదట నాచు, గుల్లలు పట్టుకుంటాయి. వాటి వెంట చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు చేరుతాయి. కొరియా, వియత్నాం యుద్ధాలలో పాల్గొన్న ‘ఒరిస్కనీ’ విమానవాహక నౌకను అమెరికా 2006 మే 17న ఫ్లోరిడాలోని పెన్సకోలా తీరానికి దూరంగా ఇందుకే ముంచింది. మన దేశంలో, 2024 జనవరిలో సేవ విరమించిన ‘గుల్దార్’ నౌకను నీటి అడుగు ప్రదర్శనశాలగా, కృత్రిమ ప్రవాళభిత్తిగా మార్చే ఉద్దేశంతో 2025 ఫిబ్రవరిలో మహారాష్ట్రకు అప్పగించారు.

2. విశాఖలో రెండు జలాంతర్గాములు:
1971 డిసెంబరులో విశాఖ తీరాన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ సిబ్బందితో సహా మునిగిపోయింది. ‘రాజ్‌పుత్’ నౌక దాడే కారణమని భారత్, ప్రమాదమని పాకిస్తాన్ చెబుతున్నాయి. అది ఎవరూ ప్రణాళిక వేసి ముంచినది కాదు, నావికుల సమాధి. అదే యుద్ధంలో సేవచేసిన ‘కురుసుర’ 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించి, 2002లో రామకృష్ణ బీచ్‌లో ప్రదర్శనశాల అయింది. ఈత రానివారు, పిల్లలు, వృద్ధులు కూడా నేడు దాని లోపలికి వెళ్లి నావికుల ఇరుకు జీవితాన్ని చూడగలుగుతున్నారు.

3. విరాట్ అనుభవం:
‘విరాట్’ను విశాఖలో పర్యాటక కేంద్రంగా మార్చాలని 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆసక్తి చూపింది. ఆలోచన కార్యరూపం దాల్చలేదు. 2017 మార్చి 6న విరమించిన ఆ నౌక 2020లో గుజరాత్‌లోని అలంగ్‌కు చేరి ఇనుముగా మారింది. స్మృతిని నిలపాలన్న కోరిక ఉన్నా, భారీ నౌకను పోషించే వ్యయం ముందు అది నిలవదని ఈ ఉదంతం తెలుపుతుంది. ముంచే ప్రతిపాదనకు బలం చేకూర్చేది ఈ వాస్తవమే.

4. అభ్యంతరాలు:
ముంచేముందు చమురు, ఆస్‌బెస్టాస్, విషరసాయనాలు తొలగించాలి. ఇది ఖర్చుతో కూడిన పని. మరపడవల వలలు శిథిలానికి చిక్కుకుంటాయి. అక్కడ చేపలు నిజంగా పెరుగుతున్నాయా, చుట్టుపక్కల నుండి వచ్చి చేరుతున్నాయా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య నేటికీ చర్చే. 1972లో ఫ్లోరిడాలో దాదాపు 20 లక్షల పాత టైర్లతో వేసిన దిబ్బ కట్లు తెగి, సహజ ప్రవాళాలనే దెబ్బతీసింది. దశాబ్దాల తరువాత వాటిని పైకి తీయవలసి వచ్చింది.

ముగింపు:
ప్రదర్శనశాల విఫలమైతే మూసివేయవచ్చు; ముంచిన నౌకను తిరిగి తేవడం దాదాపు అసాధ్యం. కనుక తెలుగు తీరంలో అటువంటి ప్రతిపాదన వస్తే, ఆ నీటిలో వల వేసే మత్స్యకారుల అంగీకారం, నౌక చరిత్రను ముందుగా నమోదు చేయడం - ఈ రెండూ తప్పనిసరి షరతులు కావాలి.