గురువునకు గీటురాయి

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున నొక చక్కని వివాదము గలదు. గణదాసుడు, హరదత్తుడు అను నిరువురు నాట్యాచార్యులు తమలో నెవ్వడధికుడో తేల్చుమని రాజును వేడుదురు. తీర్పరిగా నేర్పడిన పరివ్రాజిక వారి పాండిత్యమును బరీక్షింపక, శిష్యుల ప్రయోగమును జూచి నిర్ణయింత మనును. విద్య తనయందుండుట యొక గుణము. దానిని పరునియందు నిలుపుట వేరొక గుణము. రెండును గలవాడే ఆచార్యులలో నగ్రగణ్యుడని యామె మతము. విశ్వవిద్యాలయములలో నధ్యాపకులకు బోధనమునకై యిచ్చు బహుమానముల చరిత్రను దలంచునపుడెల్ల మాకీ ఘట్టమే జ్ఞప్తికి వచ్చును.

పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో 19వ శతాబ్దినుండి గౌరవము క్రమక్రమముగా పరిశోధనమువైపు మొగ్గెను. ఇందులకు కారణము స్పష్టమే. పరిశోధనము గ్రంథరూపమున నిలుచును. దూరదేశపు పండితుడును దానిని జదివి మెచ్చవచ్చును. పాఠమన్ననో నాలుగు గోడల నడుమ పుట్టి, గంట మ్రోగగానే ముగియును. దానికి సాక్షులు విద్యార్థులే. వారి మాటకు పండితసభలలో విలువ తక్కువ.

ఈ లోపమును దీర్ప యత్నించినవారిలో అమెరికాదేశపు భౌతికశాస్త్రాధ్యాపకులను ముందుగా జెప్పవలెను. వారు 1930లో నొక సంఘముగా నేర్పడి, 1936నుండి భౌతికశాస్త్ర బోధనమున విశేషకృషి చేసినవారికి ఓర్‌స్టెడ్ పతకము నొసగజొచ్చిరి. పతకమునకు బెట్టిన పేరు తగినదే. డెన్మార్కు దేశీయుడగు ఓర్‌స్టెడ్ విద్యుత్ప్రవాహము దిక్సూచి ముల్లును గదలించునని 1820లో గనుగొనెను. విద్యార్థుల యెదుట ఉపన్యాసము చేయుచుండగానే యా కదలికను జూచెనని ప్రసిద్ధి. 1829లో కోపెన్‌హేగన్ నగరమున సాంకేతిక విద్యాలయమును స్థాపించినదియు నతడే.

1948వ సంవత్సరపు పతకము జర్మనుదేశీయుడగు ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డునకు లభించెను. 1906లో మ్యూనిచ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందిన యీ మహనీయుని పేరు నోబెల్ బహుమానమునకు 80కి మించిన మారులు సూచింపబడెను. బహుమానము మాత్రము రాలేదు. అది యాయన శిష్యులగు హైసెన్‌బర్గు, పౌలీ, డెబై, బేతేలను వరించెను. శిష్యులు చిన్నవారని యాయన యెన్నడును దూరముగా నుంచలేదు. సాపేక్షసిద్ధాంతమును గూర్చి విజ్ఞానసర్వస్వమునకు వ్రాయవలసిన పెద్ద వ్యాసమును యువకుడగు పౌలీకి అప్పగించెను. 1921లో నది వెలువడునాటికి పౌలీకి 21 ఏండ్లు. బేతే 1993లో, గురువు పొందిన యీ పతకమునే తానును బొందెను.

అయినను ఇచట నొక ప్రశ్న గలదు. మెరికలవంటి శిష్యులను జూచి గురువును మెచ్చుట సులభము. శిష్యుడు మందబుద్ధియైనచో గురువు సంగతి యేమి? కాళిదాసు నాటకముననే యీ ప్రశ్న పుట్టినది. అయోగ్యుని శిష్యునిగా గ్రహించుటయే గురువు బుద్ధిలోపమని యచటి సమాధానము. రాజాస్థానపు నాట్యాచార్యునకు ఈ సమాధానము చెల్లునేమో గాని, ప్రజల ధనముతో నడచు కళాశాలలోని యధ్యాపకునకు జెల్లదు. ఆతడు శిష్యులను ఏరుకొనడు. తమ యింటిలో మొట్టమొదట కళాశాల గడప త్రొక్కిన రైతుబిడ్డయు, నేతపనివాని కూతురును ఆతని యెదుట గూర్చుండి యుందురు. వారికి విద్య యబ్బనిచో ఆ లోపమును వారి బుద్ధిపై నెట్టి తప్పించుకొనుట న్యాయమా?

ఈ సామాన్య విద్యార్థి నిజముగా నేమి నేర్చుచున్నాడని శ్రద్ధతో నరసినవారిలో అమెరికాలోని హాలూను, హెస్టెనీసు అను విద్వాంసులు ముఖ్యులు. వారు బలమును, చలనమును గూర్చిన తేలికయగు ప్రశ్నలను పాఠములకు ముందును, పిదపను విద్యార్థుల కిచ్చి, ఫలితములను 1985లో బ్రకటించిరి. ఆచార్యులు వేరు, బోధనరీతులు వేరు. అయినను విద్యార్థుల పూర్వపు పొరపాటూహలు మిక్కిలి కొలదిగనే మారెను. ఆచార్యుడు మారినంతమాత్రమున లాభము పెరుగలేదు. ఇంపైన యుపన్యాసమే మంచి బోధనమను నమ్మకమునకు ఇది గొడ్డలిపెట్టు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున లిలియన్ మెక్‌డర్మట్ అను విదుషీమణి విద్యార్థుల పొరపాట్లనే పరిశోధనవస్తువుగా గ్రహించి, వానిని వారంతట వారే దిద్దుకొనునట్టి యభ్యాసములను గూర్చెను. ఓర్‌స్టెడ్ పతకము 2001లో నామెకును, 2002లో హెస్టెనీసునకును లభించెను. బోధనమున నూతనమార్గమును మెచ్చుట యన నిట్టిదని మా యభిప్రాయము. క్రొత్త పరికరము తెచ్చుట క్రొత్తదనము కాదు. విద్యార్థి యెచట తడబడుచున్నాడో కనిపెట్టి యచట చేయూత నిచ్చుటయే క్రొత్తదనము.

మన దేశమున కేంద్రప్రభుత్వము ఉపాధ్యాయులకు జాతీయపురస్కారములను 1958లో నారంభించెను. అవి పాఠశాలలవారికై యేర్పడినవి. ఉన్నతవిద్యాసంస్థల యధ్యాపకులకు 2023లో నీ గౌరవము విస్తరిల్లెను. 65 ఏండ్ల కైనను వచ్చినందుకు సంతసింపవలసినదే. ఇట్టి పురస్కారములకు దగినవారిని నిర్ణయించు పెద్దలకు మా విన్నపమొక్కటి. అధ్యాపకుని బిరుదులను, గ్రంథముల పట్టికను జూచిన పిదప, ఆయన తరగతిలో కడపటి బల్లపై గూర్చున్న విద్యార్థిని బిలిచి, ఏడాది మొదట తెలియనిది నేడేమి తెలిసినదని యడుగుడు. మన గృహములలోని తల్లిదండ్రులును బిడ్డలు సెలవులకు వచ్చినపుడు ఎన్ని మార్కులు వచ్చెనని యడుగుటతో దృప్తి నొందక, నేర్చినదానిని తమకు దెలియజెప్పుమని కోరుదురు గాక.