రాతి గుర్రాలు, సుంకాల స్తంభం, పేరు లేని కలంకారీ



"తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికి బాగానే ఉంటుంది మాస్టారూ, వ్యాపారానికి, వ్యవహారానికి పనికిరాదు కదా!" అనే మాట మా బళ్ళారి ప్రాంతంలో పిల్లలను బడిలో చేర్పించే రోజుల్లో ఏటా వినబడుతుంది. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. వారి కళ్ళకు కనబడుతున్నది అదే. అయితే పూర్వం మన తీరంలో జరిగిన వ్యాపారం ఏ భాషలో జరిగింది, ఎవరు చేశారు, ఎవరు లాభపడ్డారు అన్న సంగతులను పుస్తకాల కంటే వస్తువులు సూటిగా చెబుతాయి. అటువంటివి మూడింటిని ఈసారి మీ ముందు ఉంచుతున్నాను.

మొదటిది మనకు దగ్గరలోనే ఉన్నది. హంపిలో మహానవమి దిబ్బను మీలో చాలామంది చూసే ఉంటారు. దాని గోడల మీద వేట, మల్లయుద్ధం, నాట్యం వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నాయి. వాటి నడుమ గుర్రాలను కళ్ళెం పట్టి నడిపించుకొని పోతున్న మనుషులు కొందరు కనబడతారు. పొడవాటి అంగీలు, తలకు మొనదేలిన టోపీలు. వీరు మనవారు కారు. అరేబియా, పారశీక దేశాల నుండి ఓడలలో గుర్రాలను తెచ్చి అమ్మిన వర్తకులు. దక్షిణాపథంలో మేలుజాతి గుర్రాలు సరిగా పెరగవు. అశ్వబలం లేనిదే రాజ్యం నిలవదు. కనుక విజయనగర ప్రభువులు తమ సొమ్ములో పెద్ద భాగాన్ని గుర్రాలకే వెచ్చించారు.

ఇప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగండి: ఈ రాతిలో ఏమి లేదు? సముద్రం లేదు. ధర లేదు. దారిలో చచ్చిన గుర్రాలు అసలే లేవు. 16వ శతాబ్దిలో విజయనగరానికి వచ్చిన న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు ఈ లోటు కొంత తీర్చాడు. సముద్రంలో చనిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు, బ్రతికి ఉన్నదానికి ఇచ్చినట్లే సాళువ నరసింహరాయలు వెల చెల్లించేవాడని అతడు వ్రాశాడు. ఇంత ఔదార్యం ఎందుకో కారణం కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోనే దొరుకుతుంది. చతుర్థాశ్వాసంలోని రాజనీతిలో ఆయన చెప్పిన మాటల సారాంశం ఇది: రేవులను చక్కగా నడపాలి, ఏనుగులను, గుర్రాలను తెచ్చే దూరద్వీపాల వర్తకులకు ఊళ్ళు, మంచి ఇళ్ళు, కొలువులో గౌరవం, తగిన లాభం కల్పించి తనవారిని చేసుకోవాలి, అప్పుడే ఆ గుర్రాలు శత్రువుల చేతికి పోవు. రాతి మీద ఊరేగింపుగా కనబడేది కావ్యంలో లెక్కగా కనబడుతున్నది. ఆ లెక్క తెలుగు పద్యంలో ఉన్నది. దీనిని కావ్యంగానే బోధించి వదిలేస్తున్నామన్నది నా చిరకాలపు అసంతృప్తి.

తుఫానుకు గాని, వ్యాధికి గాని గురై తన తీరానికి చేరిన పరదేశి నావికులను వారి స్థితికి తగినట్లు ఆదరించాలని కూడా రాయలు అదే చోట చెప్పాడు. ఈ ఆలోచన ఆయన కాలానికే కొత్త కాదు. అంతకు రెండు వందల యాభై ఏళ్ళకు పైగా ముందే మోటుపల్లిలో రాతికెక్కింది. మన రెండవ వస్తువు ఆ స్తంభమే.

మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోని సముద్రతీర గ్రామం. అక్కడ కాకతి గణపతిదేవుడు శకం 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కొనేవారట. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ప్రాణం కంటె ధనమే మిన్న అని తలచి సముద్రం మీదికి సాహసించిన వారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇలా చేస్తున్నానన్నాడు. దయ సంగతి అలా ఉంచి, ఇది మంచి వ్యాపార బుద్ధి కూడా. దోచుకొనే రేవుకు రెండవసారి ఏ ఓడ వస్తుంది?

ఉపాధ్యాయులు ఈ శాసనంలో ప్రత్యేకంగా గమనించవలసినది భాష. రాజవంశ ప్రశస్తి, అభయవాక్యం సంస్కృతంలో ఉన్నాయి. ఏ సరుకుకు ఎంత సుంకమో చెప్పవలసిన చోటికి వచ్చేసరికి శాసనం తెలుగులోకి దిగింది. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు ఒక్కొక్కటిగా వస్తాయి. కీర్తికి ఏ భాష అయినా సరిపోతుంది; రేవులో తగవు రాకుండా ఉండాలంటే అక్కడివారికి అర్థమయ్యే భాష కావాలి. తెలుగు వ్యాపారానికి పనికిరాదన్నవారికి ఈ పట్టికను చూపండి చాలు. ఇదే తీరం నుండి వెళ్ళిన సన్నని బట్టలను మార్కోపోలో సాలెగూటితో పోల్చాడు. అతడు 'ముత్ఫిలి' అని వ్రాసిన రాజ్యానికి ఆ పేరు ఈ మోటుపల్లి వలన వచ్చినదే.

(ఇంకా వెనుకకు పోదలచినవారికి యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణెం ఉన్నది. దాని మీద రెండు తెరచాప కొయ్యల ఓడ. చేతిలో ఇమిడే బొమ్మే అయినా ఎనిమిదవ తరగతి పిల్లలకు దానంత ఉత్సాహం కలిగించేది మరొకటి లేదు.)

మూడవది బట్ట. ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం.

కలంకారీ రంగు పని తెలిసినవారికి దాని కష్టం తెలుసు. బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టాలి. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి నలుపు తీయాలి. పటిక పూసిన చోటనే చిరివేరు ఎరుపు పట్టుకొంటుంది. నీలి అంటకూడని భాగాలను మైనంతో కప్పాలి. ప్రతి దశకూ పారే నీటిలో ఉతకాలి. శ్రీకాళహస్తిలో ఇదే విద్యతో రామాయణ, భారత ఘట్టాలను గుడుల కోసం చిత్రించి, బొమ్మల క్రింద తెలుగులో కథ వ్రాసేవారు. బందరు నుండి ఓడనెక్కిన బట్ట వేరు. గోల్కొండ సుల్తానుల కాలంలో అది పారశీకుల అభిరుచికి తగినట్లు పూలు, తీగలు తొడిగింది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు బందరులో దిగాక కొనేవారి కోరికలు మరింత పెరిగాయి. ముదురు ఎరుపు నేల వద్దు, తెల్ల నేల మీద రంగుల కొమ్మలు కావాలని 1643లో ఆంగ్ల కంపెనీ లండను నుండి సూరతుకు కబురు పెట్టింది. పడక దుప్పట్ల మీద మనం చూసే ఆ 'జీవవృక్షం' ఇటువంటి బేరసారాల నడుమ ఎదిగిన చెట్టే. అచ్చమైన మన సంప్రదాయమని గర్వపడేవారికి ఈ మాట రుచించకపోవచ్చు. నాకు మాత్రం దీనివలన ఆ పనివారి మీద గౌరవం పెరిగింది.

అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియంలో 17వ శతాబ్ది పూర్వార్ధపు ఏడు కలంకారీ తెరలున్నాయి. మన తీరంలో తయారైన వాటిమీద టోపీలు పెట్టుకొన్న యూరపువారితో సహా వేర్వేరు దేశాల జనం కనబడతారు. రేవుకు వచ్చినవారిని మన చిత్రకారుడు తన కంటితో చూశాడు. హంపి శిల్పి చేసినదీ అదే.

డచ్చివారు ఈ బట్టలను తూర్పు దీవులకు తీసుకుపోయి లవంగాలకు, జాజికాయలకు మార్చుకొన్నారు. ఆ దీవులలోని కొన్ని కుటుంబాలు వీటిని తరతరాలుగా దాచుకొన్నాయి. కొన్నిటి మీద డచ్చి కంపెనీ ముద్ర నేటికీ చెరగలేదు. యూరపులోనేమో గగ్గోలు పుట్టింది. దేశంలోని వెండి బయటకు పోరాదు, పరదేశపు సరుకు లోనికి రారాదు అన్నది నాటి వాణిజ్యవాదపు సూత్రం. ఫ్రాన్సు 1686లో ఈ అద్దకపు బట్టలను నిషేధించి 1759 వరకు సడలించలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరొకటి చేసింది. ఈ రెండింటి నడుమ 1719లో లండను నేతగాళ్ళు వీధులలో ఇటువంటి బట్టలు కట్టిన స్త్రీల మీద పడ్డారు. వారిదీ పొట్టకూటి గొడవే. బందరు అద్దకందారు చేసిన నేరం పని బాగా చేయడమే.

అతని పేరు ఆ దుప్పటి మీద లేదు. కంపెనీ ముద్ర ఉన్నది. స్తంభం మీద రాజు పేరున్నది, సరుకులు మోసిన కూలీ పేరు లేదు. రాతి గుర్రాలను చెక్కినవాడెవరో మనకు తెలియదు. కాళహస్తి తెరమీద తెలుగు అక్షరాలున్నాయి. ఓడ ఎక్కిన బట్టమీద లేవు, ఎందుకంటే కొనేవాడికి అవి అక్కరలేదు. తరగతిలో ఈ తేడాను పిల్లల చేతనే చెప్పించండి.

నేను చేసేది ఇది. మోటుపల్లి సరుకుల పట్టికను నల్లబల్ల మీద వ్రాసి, ఎదురుగా కన్నడ మాటలు వ్రాయమంటాను. పోకకు అడికె, మిరియానికి మెణసు వెంటనే వస్తాయి. కర్పూరం, పగడం రెండు భాషలకూ చుట్టాలే. తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం మిత్రులు తమ పిల్లలతో ఇదే చేసి చూడవచ్చు. తరువాత వీటిలో ఏది మన నేలలో పండుతుంది, ఏది ఓడలో రావాలి అని అడుగుతాను. అక్కడ వాదులాట మొదలవుతుంది, గంట కొట్టినా ఆగదు.

హంపికి పిల్లలను తీసుకువెళ్ళేవారు దిబ్బ దగ్గరకు ఉదయమే చేరుకోండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ టోపీలు, కళ్ళేలు స్పష్టంగా కనబడతాయి. మధ్యాహ్నానికి అన్నీ ఒకే రాయి.