షేక్ రషీద్: గుంటూరు కుర్రాడి క్రికెట్ ప్రయాణం

షేక్ రషీద్ ఆంధ్ర రంజీ జట్టు బ్యాటర్. కుడిచేతి వాటం, టాప్ ఆర్డర్‌లో దిగుతాడు, అవసరమైతే లెగ్ స్పిన్ కూడా వేస్తాడు. 2004 సెప్టెంబర్ 24న గుంటూరులో పుట్టాడు. 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుకు వైస్ కెప్టెన్ ఇతనే. ఆ కప్పు గెలిచేనాటికి పల్నాడు జిల్లా ఇంకా ఏర్పడలేదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల అన్నీ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. కొత్త జిల్లా రెండు నెలల తర్వాత, 2022 ఏప్రిల్ 4న వచ్చింది. అందుకే ఇక్కడివాళ్లు ఇప్పటికీ రషీద్‌ని "మన జిల్లా పిల్లోడు" అంటే తప్పుపట్టడానికేం లేదు.

ఇంట్లో డబ్బుండి క్రికెట్‌లోకి వచ్చిన కుర్రాడు కాదు. తండ్రిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. కొడుకుని రోజూ బండి మీద ప్రాక్టీసుకి తీసుకెళ్లడం, దగ్గరుండి బంతులు విసరడం, ఆ తర్వాత పనికి వెళ్లడం. ఇలా ఆలస్యం అవుతూ ఉండటంతో ఆయన రెండుసార్లు ఉద్యోగం పోగొట్టుకున్నారు. లెదర్ బంతి ఖరీదెక్కువని సింథటిక్ బంతులతో ప్రాక్టీసు చేయించిన రోజులూ ఉన్నాయి. క్రికెట్ ఖర్చంటే అందరికీ బ్యాటు, ప్యాడ్లే గుర్తొస్తాయి. ఈ ఇంట్లో అసలు ఖర్చు తండ్రి టైము, ఆ టైము వల్ల పోయిన జీతం. దానికి ఎవరూ రసీదు ఇవ్వరు.

రషీద్ ఆట గట్టిపడింది మంగళగిరిలోని ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ అకాడమీలో. గుంటూరుకే చెందిన భారత మాజీ వికెట్ కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్ అసోసియేషన్‌లో ఉన్నప్పుడు ఈ అకాడమీల పద్ధతి బలపడింది. గుంటూరు నుంచి మంగళగిరి దగ్గరే, 20 కిలోమీటర్ల చిల్లర. అదే మాచర్ల నుంచి అంటే దాదాపు 150 కిలోమీటర్లు. ఏ తండ్రీ రోజూ బండి మీద తిప్పలేడు. పల్నాడు పిల్లలకి ఇలాంటి చోట హాస్టల్ సీటు దొరకడమే అసలు మలుపు.

2021 డిసెంబర్‌లో యూఏఈలో అండర్-19 ఆసియాకప్ జరిగింది. సెమీఫైనల్లో బంగ్లాదేశ్ మీద రషీద్ 90 నాటౌట్. శ్రీలంకతో ఫైనల్లో 31 నాటౌట్, కప్పు మనదే. వెంటనే వెస్టిండీస్‌లో ప్రపంచకప్. మొదటి మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా మీద 31 కొట్టాడు, అంతలోనే కరోనా. కెప్టెన్ యశ్ ధుల్, వైస్ కెప్టెన్ రషీద్ ఇద్దరూ ఐసోలేషన్‌లోకి వెళ్లారు. ఐర్లాండ్, ఉగాండా మ్యాచ్‌లు పోయాయి. ఇంటికి అంత దూరాన, గదిలో ఒంటరిగా, 17 ఏళ్ల పిల్లోడు.

బయటికొచ్చాక బంగ్లాదేశ్‌తో క్వార్టర్ ఫైనల్లో 26. ఆ తర్వాత ఫిబ్రవరి 2న ఆస్ట్రేలియాతో సెమీఫైనల్. భారత్ 37 పరుగులకే 2 వికెట్లు పోగొట్టుకున్న టైములో ధుల్, రషీద్ కలిశారు. కంగారు పడలేదు, ముందు నిలబడ్డారు, తర్వాత కొట్టారు. భాగస్వామ్యం 204 పరుగులు. ధుల్ 110, రషీద్ 94. సెంచరీకి ఆరు పరుగుల దూరంలో ఆగిపోయాడు. భారత్ 96 పరుగులతో గెలిచింది. ఫిబ్రవరి 5న ఇంగ్లండ్‌తో ఫైనల్లో 190 లక్ష్యం. మొదటి ఓవర్లోనే వికెట్ పడితే రషీద్ దిగి 84 బంతుల్లో 50 చేశాడు. భారత్‌కి అది ఐదో టైటిల్. టోర్నీలో నాలుగే మ్యాచ్‌లు ఆడి 201 పరుగులు చేశాడు.

జట్టులో ఒక్కొక్కరికి బీసీసీఐ 40 లక్షలు ప్రకటించింది. రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షలు, గుంటూరులో ఇంటిస్థలం ప్రకటించింది. అయితే వారం తిరక్కుండా జరిగిన ఐపీఎల్ వేలంలో రషీద్ పేరు లేదు. 19 ఏళ్లు నిండాలి, లేదంటే సీనియర్ దేశవాళీ మ్యాచ్ ఒక్కటైనా ఆడి ఉండాలన్నది నిబంధన. కరోనా వల్ల దేశవాళీ మ్యాచ్‌లే సరిగ్గా జరగని రోజులవి. అదే జట్టులోని రాజ్ బావా 2 కోట్లకి, హంగర్గేకర్ కోటిన్నరకి అమ్ముడుపోయారు. 94, 50 కొట్టినవాడు వేలం లిస్టులోనే లేడు. ఒక్క రూలు ఇంట్లో లెక్కలన్నీ ఎలా మార్చేస్తుందో చూడండి.

ఆ ఏడాది చివర్లో చెన్నై సూపర్ కింగ్స్ కనీస ధర 20 లక్షలకు తీసుకుంది. 2023లో చెన్నై కప్పు గెలిచింది. గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడుకి అది చివరి సీజన్, రషీద్‌కి బెంచ్ మీద మొదటి సీజన్. 2024 కూడా మైదానంలోకి దిగకుండానే గడిచింది.

అసలు జవాబు రంజీలో వచ్చింది. 2024 నవంబర్‌లో హైదరాబాద్ మీద, హైదరాబాద్‌లోనే డబుల్ సెంచరీ కొట్టాడు. అదే నెల మెగా వేలంలో చెన్నై మళ్లీ 30 లక్షలకు తీసుకుంది. అదీ కనీస ధరే.

చివరికి 2025 ఏప్రిల్ 14న లక్నోలో ఛాన్స్ వచ్చింది, అదీ ఓపెనర్‌గా. కెప్టెన్ ధోనీ. 19 బంతుల్లో 27 కొట్టాడు, చెన్నై గెలిచింది. ముంబైలో 19. చెపాక్‌లో సన్‌రైజర్స్ మీద షమీ వేసిన మొదటి బంతికే ఔట్. తర్వాత 11, 14. ఐదు మ్యాచ్‌ల్లో మొత్తం 71 పరుగులు. పక్కనే 17 ఏళ్ల ఆయుష్ మాత్రే దుమ్ము రేపుతుంటే ఆ 71 చిన్నగానే కనపడింది. నవంబర్‌లో చెన్నై అతన్ని వదిలేసింది.

అప్పటికి రషీద్ వయసు 21. ఆంధ్ర క్యాప్ అలాగే ఉంది. నాలుగు రోజుల ఆటలో ఓపికగా నిలబడే బ్యాటింగ్ అతనిది. టీ20 వేలంలో దానికి పెద్ద రేటు పలకదు గానీ, రంజీలో కొత్త బంతి ఎదుర్కోవడానికి కావాల్సింది అదే.