ఫ్లోటింగ్ ట్రెమలో బ్రిడ్జి

ఫ్లోటింగ్ ట్రెమలో బ్రిడ్జి అనునది ఎలక్ట్రిక్ గిటారును వాయిస్తూండగానే తీగలన్నిటి శ్రుతిని ఒక్కసారిగా తగ్గించుటకు, పెంచుటకు వీలు కల్పించే యాంత్రిక పరికరం. ఇందులో తీగలను మోసే బ్రిడ్జి గిటారుకు స్థిరంగా బిగించబడి ఉండదు. రెండు మరలకు కత్తి వంటి అంచులతో ఆనుకొని ముందుకు, వెనుకకు ఊగుతుంది. ఒకవైపు తీగలు, మరొకవైపు గిటారు వెనుక గుంటలోని స్ప్రింగులు లాగుతుండగా త్రాసు ముల్లు వలె మధ్యలో నిలుస్తుంది. అందువలననే దీనిని ఫ్లోటింగ్, అనగా తేలియాడే బ్రిడ్జి అంటారు.

పేరు

ట్రెమలో అనే పేరు నిజానికి సరియైనది కాదు. ట్రెమలో అనగా ధ్వని తీవ్రతలో కలిగే కంపనం. శ్రుతిలో కలిగే కంపనం వైబ్రాటో. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారుతో ఇటువంటి బ్రిడ్జిని ప్రవేశపెట్టిన లియో ఫెండర్ వాడిన పేరే స్థిరపడిపోయింది. కర్ణాటక సంగీతం తెలిసినవారు దీనిని గమకంతో పోల్చుకోవచ్చును. అయితే వీణ మెట్టుపై తీగను పక్కకు లాగితే ఆ ఒక్క తీగ స్వరమే, అదీ పైకి మాత్రమే పోతుంది. ఇక్కడ కడ్డీని నొక్కితే ఆరు తీగలూ కలిసి దిగుతాయి, ఎత్తితే పైకి పోతాయి.

లాకింగ్ విధానం

ఫెండర్ బ్రిడ్జిలో కడ్డీని గట్టిగా వాడితే శ్రుతి తప్పేది. గిటారు మెడ చివర ఉండే నట్ వద్ద రాపిడి, బిరడల చుట్లలో తీగ జారడం ఇందుకు కారణాలు. నగల తయారీ కూడా తెలిసిన అమెరికన్ గిటారు వాద్యకారుడు ఫ్లాయిడ్ రోజ్ 1970ల చివరిలో తీగను నట్ వద్ద, బ్రిడ్జి వద్ద కూడా బిగించి ఈ లోపాన్ని తొలగించాడు. 1979లో అతనికి పేటెంటు లభించింది. నట్ బిగించాక బిరడలు పని చేయవు కనుక, కొంతకాలానికి బ్రిడ్జిపైనే చిన్న శ్రుతి మరలను చేర్చారు.

ఎంపిక

వాద్యకారుడు శ్రుతిని ఎంత తరచుగా మారుస్తాడన్నది మొదట చూడవలసిన విషయం. సాధారణ శ్రుతిలో 9-42 తీగల మొత్తం బిగువు 40 కిలోలకు కొంచెం తక్కువ. 10-46 తీగలకు సుమారు 46 కిలోలు. తీగల మందం మార్చితే స్ప్రింగులను కూడా తిరిగి సరిచేయాలి. ఒక తీగ శ్రుతి తగ్గిస్తే మిగిలిన ఐదూ పెరుగుతాయి. కచేరీలో ఒక తీగ తెగితే స్ప్రింగులదే పైచేయి అయి, మిగిలినవన్నీ అపశ్రుతి పలుకుతాయి. ఒకే గిటారుపై పలు శ్రుతులు వాడేవారికి ఇది పెద్ద చిక్కు.

ఈ పరికరానికి ఎనలేని ప్రచారం తెచ్చిన ఎడ్డీ వాన్ హేలెన్ (1955-2020) దానిని తేలియాడనివ్వలేదు. అతని బ్రిడ్జి గిటారు చెక్కను ఆనుకొని ఉండేది. కడ్డీ క్రిందికి మాత్రమే పనిచేసేది, తీగ తెగినా తక్కినవి చెదిరేవి కావు. స్వరం పైకి కూడా పోవాలంటే బ్రిడ్జి వెనుక చెక్కను తొలచాలి. స్టీవ్ వాయ్ కోసం ఐబనేజ్ సంస్థ 1987లో తెచ్చిన జెమ్ గిటారులో ఇటువంటి గుంట ఉన్నది.

కడ్డీని మృదువుగా వాడేవారికి లాకింగ్ లేని, రెండు మరలపై నిలిచే బ్రిడ్జి చాలును. తీగలు మార్చడం కూడా సులభం. గట్టిగా వాడేవారికి లాకింగ్ రకం తప్పదు. అందులో లోహం ముఖ్యం. కత్తి అంచులు అరిగితే బ్రిడ్జి యథాస్థానానికి తిరిగి రాదు. ఫ్లాయిడ్ రోజ్ ఒరిజినల్‌లో గట్టిపరచిన ఉక్కు వాడతారు. చవకైన స్పెషల్ రకంలో తీగలను పట్టే భాగాలు జింకు మిశ్రమంతో చేయబడతాయి.

కొనేముందు కొలతలు సరిచూడాలి. ఒరిజినల్ రకానికి రెండు మరల మధ్య దూరం సుమారు 74 మిల్లీమీటర్లు. నట్ వెడల్పు ఆర్2 అయితే 41.3, ఆర్3 అయితే 42.8 మిల్లీమీటర్లు. క్రింది దిమ్మె పొడవు గిటారు మందాన్ని బట్టి 32, 37, 42 మిల్లీమీటర్లలో లభిస్తుంది. పొడవు ఎక్కువైతే వెనుకకు పొడుచుకు వస్తుంది. పాత గిటారుకు అమర్చదలిస్తే చెక్క తొలవక ముందే ఇవన్నీ తేల్చుకోవాలి, తొలచిన చెక్కను మునుపటి వలె చేయడం సాధ్యం కాదు.