పరభాషారంగమున మన శారద



నేను నెల్లూరు మండలమందలి సంగము గ్రామవాసిని. బడిపంతులు పనినుండి విరమించిన వృద్ధుడను. మా యూరికి ఆ పేరు ఏరులవలన వచ్చినది. పెన్నలో బీరాపేరు, బొగ్గేరు కలియుచోటది. కలిసిన పిమ్మట ఏ నీరు ఏ యేటిదో యెవ్వరును వేరుచేసి చెప్పజాలరు. నేడు నేను చెప్పబోవునదియు నట్టి సంగమచరిత్రయే. తెనాలిలో పుట్టి, చెన్నపట్టణమున పెరిగి, మలయాళదేశమున కీర్తిగాంచిన నటి శారద జీవితమును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. “ఈ ముసలి పంతులునకు సినిమా గొడవ యేల?” యని పెద్దలు కొందరు నవ్వవచ్చును. ఏలయో తుదకు మనవి చేసెదను.

ఆమె 1945వ సంవత్సరము జూన్ 25వ తేదీన తెనాలిలో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు సరస్వతీదేవి. పసితనముననే చెన్నపట్టణము చేరి అవ్వగారి యింట పెరుగుచు నాట్యము నభ్యసించెను. 1955లో వచ్చిన ‘కన్యాశుల్కము’ చిత్రమున బాలికగా చిన్న వేషము వేసెను. 1961లో ఆదుర్తి సుబ్బారావుగారి ‘ఇద్దరు మిత్రులు’ చిత్రమున హాస్యపాత్రను ధరించెను. చిత్రసీమలో సరస్వతులు మరికొందరుండుటచే ఆమె పేరు శారదగా మారినది. పేరు మారినను దేవత మారలేదు. రెండును వాగ్దేవి నామములే. అట్టి పేరుగల నటికి వాక్కు విషయముననే పరీక్ష వచ్చుట గమనింపదగినది.

తెనాలి పిల్లకు మలయాళము తటస్థించుట యెట్లు? ఆంధ్రప్రదేశము, కేరళము 1956 నవంబరు 1వ తేదీన, ఒకే దినమున, రాష్ట్రములుగా నవతరించినవి. భాషననుసరించి రాష్ట్రములు వేరుపడినను చిత్రనిర్మాణము మాత్రము చెన్నపట్టణమును వెంటనే విడువలేదు. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ చిత్రములు పెక్కులు కోడంబాకము చుట్టుపట్ల స్టూడియోలలోనే తయారగుచుండెడివి. అచ్చటి నటులకు ఒక భాషనుండి వేరొక భాషకు పోవుట ప్రక్కయింటికి పోవుటవంటిది. శారద 1965లో కుంచాకో దర్శకత్వమున ‘ఇణప్రావుకళ్’ అను చిత్రముతో మలయాళరంగమున కాలిడెను. ఆ యేడే ఎం. టి. వాసుదేవన్ నాయరు రచించిన ‘మురప్పెణ్ణు’లో నటించెను. మురప్పెణ్ణనగా మన మేనరికపు పిల్లయే. 1967లో ‘ఇరుట్టింటె ఆత్మావు’ వచ్చెను. మతిచెడిన యువకుని ఇంటివారు గొలుసులతో బంధించిన కథ యది. అతనిని మనిషిగా చూచు పిల్ల పాత్ర శారదది.

ఇక వాక్కు మాట. భరతముని అభినయమును నాలుగు విధములుగా విభజించెను. అవయవములతో చేయునది ఆంగికము. మాటతో చేయునది వాచికము. వేషభూషలవలన కలుగునది ఆహార్యము. మనస్సు పాత్రయందు లీనమైనపుడు దానంతట వెలువడు కన్నీరు, కంపము, స్తంభము మొదలగునవి సాత్త్వికము. శారద మలయాళ చిత్రములు పెక్కింట మొదటి కానుక యొకటి లోపించినది. కదలిన పెదవులు ఆమెవి. వినవచ్చిన కంఠము పరులది. టి. ఆర్. ఓమన యను మలయాళ నటి పలు చిత్రములలో ఆమెకు గొంతు నరువిచ్చెను. అభినయమున నాలుగింట నొక పాలు ఇట్లు చేజారిన నటి ఏమి చేయవలెను? మిగిలినవానితోనే ఆ కొరత పూరింపవలెను. శారద చేసినది అదియే.

1968లో ఎ. విన్సెంటు దర్శకత్వమున ‘తులాభారము’ వచ్చెను. దానికి మూలము తోప్పిల్ భాసి వ్రాసిన నాటకము. తులాభారమనగా మనకు సత్యభామ జ్ఞప్తికి వచ్చును. బంగారమంతయు పెట్టినను తూగని కృష్ణుడు రుక్మిణి యుంచిన తులసిదళమునకు తూగెను. ఈ కథలోని త్రాసు వేరు. అది న్యాయస్థానపు త్రాసు. కలిగిన యింట పుట్టిన విజయ కాలవశమున పేదరాలై ఒక కార్మికుని పెండ్లాడును. పనివారి పోరాటమున భర్త హతుడగును. ఆకలికి తాళలేని బిడ్డలకు విషమిచ్చి తానును త్రాగును. బిడ్డలు పోయిరి, తల్లి బ్రతికినది. హంతకురాలని బోనులో నిలిపిరి. ఆమెకు ప్రతికూలముగా వాదించు న్యాయవాది చిన్ననాటి చెలికత్తెయే. ఒక వైపున శిక్షాస్మృతి, మరియొక వైపున ఆ తల్లి ముఖము. ఏది బరువో చూచువారే నిర్ణయింపవలెను.

ఈ కథ 1969లో వి. మధుసూదనరావుగారి దర్శకత్వమున ‘మనుషులు మారాలి’ యను పేర తెలుగునకు వచ్చెను. తమిళమునను, 1970లో హిందీయందును తీయబడెను. నాలుగు భాషలందును ఆ తల్లి శారదయే. నా బాల్యమున డేరా సినిమాలో, నేల టిక్కెట్టుపై, మా యమ్మ ప్రక్కన కూర్చుండి దీనిని చూచితిని. ఆట ముగిసి దీపములు వెలిగిన తరువాత గూడ స్త్రీలు కొంగులతో కన్నులొత్తుకొనుచు వెంటనే లేవలేదు. ఇంటికి పోవుదారిలో మా యమ్మ ఒక్క మాటయు పలుకలేదు.

‘తులాభారము’నకు గాను 1968వ సంవత్సరపు జాతీయ ఉత్తమనటి పురస్కారము శారదకు లభించెను. ఆ సత్కారమునకు నాడు ‘ఊర్వశి’ యని పేరు. అంతకు ముందటి సంవత్సరమున నర్గీసునకు మొదటిసారి ఇచ్చిరి. రెండవది మన తెనాలి బిడ్డకు. నాటినుండి ఆమె ఊర్వశి శారద యైనది. కాళిదాసుని ‘విక్రమోర్వశీయము’ చదివినవారికి ఒక విషయము తెలియును. స్వర్గమున ‘లక్ష్మీస్వయంవరము’ అను నాటకము నాడుచు ఊర్వశి ‘పురుషోత్తముడు’ అనవలసినచోట ‘పురూరవుడు’ అనెను. ఆ ఒక్క మాట తప్పినందులకు భరతుడు శపించెను. ఊర్వశి స్వర్గమును విడువవలసివచ్చెను. ఆ ఊర్వశి మాటవలన పదవిని పోగొట్టుకొనెను. ఈమె తన మాట లేకయే ఆ పేరు సంపాదించెను. అయిన సత్కారమున ఓమనకు పాలు లేదా యని మీరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. గొంతునిచ్చిన వారి ఋణము మరచుట అధర్మము. ఏ నీరు ఏ యేటిదో చెప్పజాలమని మొదట నేననినది ఇందులకే. అయినను నిశ్శబ్దమున నిలిచిన ముఖము మాత్రము ఎవ్వరును అరువిచ్చినది కాదు.

దానికి సాక్ష్యము 1972లో వచ్చిన ‘స్వయంవరము’. అది అడూరు గోపాలకృష్ణన్ మొదటి కథాచిత్రము. పురాణములలో స్వయంవరము ముగియగానే మంగళవాద్యములు మ్రోగును. ఈ చిత్రమున కథ ఆ తరువాత మొదలగును. సీత యను యువతి పెద్దల సమ్మతి లేక తాను వరించినవానితో పట్టణము చేరును. పని దొరకదు, దొరికినది చాలదు. తుదకు భర్త మరణించును; చంటిబిడ్డతో ఆమె యొంటరిగా మిగులును. మాటలు బహు స్వల్పము. మూసిన తలుపువైపు ఆమె చూచు చూపుతో చిత్రము ముగియును. దీనికి ఆమెకు రెండవసారి జాతీయ పురస్కారము వచ్చెను. చిత్రమునకును, దర్శకునకును గూడ ఆ యేటి జాతీయ సత్కారములు లభించెను. 1981లో అదే దర్శకుని ‘ఎలిప్పత్తాయము’, అనగా ఎలుకలబోను, అను చిత్రమున సోమరియైన అన్నకు ఊడిగము చేయుచు పెండ్లికాక మ్రగ్గిన రాజమ్మగా నటించెను. అట్టి ఆడుపడుచులను మన యిండ్లలో మనము చూడలేదా?

మరి తెలుగుసీమ ఏమి చేసినది? బి. ఎస్. నారాయణగారు ‘నిమజ్జనము’ తీసిరి. అస్థినిమజ్జనమునకై బయలుదేరిన దంపతుల విషాదగాథ యది. దీనికి గాను శారదకు 1978వ సంవత్సరపు జాతీయ పురస్కారము, మూడవసారి, వచ్చెను. తెలుగు చిత్రమునకు ఉత్తమనటి పురస్కారము వచ్చుట అదియే ప్రథమము. పొరుగువారు రెండుసార్లు పట్టము గట్టిన తరువాత గాని మన భాషలో ఆమెకట్టి గౌరవము దక్కలేదు. 1996లో తెనాలి ప్రజలు ఆమెను లోకసభకు ఎన్నుకొనిరి.

ఇక నేనేల ఈ చరిత్ర నెత్తుకొంటినో చెప్పవలెను. నేను పనిచేసిన ఒకానొక పాఠశాలలో వార్షికోత్సవమునకు సీతాదేవి నాటకము వేయించితిని. ఒక బాలిక ఆ వేషమునకు ముందుకు వచ్చెను. పద్యము చదువుటలో ఒత్తక్షరములు తడబడెడివి. కాని అశోకవనమున కూర్చుండి ఆమె తలయెత్తగానే అల్లరి పిల్లలందరు సద్దుమణిగిరి. నేను కూడ చూచితిని. చూచియు, ఉచ్చారణ శుద్ధముగా లేదని ఆ వేషము మరొకతెకిచ్చితిని. ఆ బాలిక కన్నీరు పెట్టలేదు. తలయూపి తన బల్లపై కూర్చుండెను. మరల రంగమెక్కలేదు. సాత్త్వికమే శ్రేష్ఠమని గురువులయొద్ద చదివినవాడను, తరగతిలో పాఠము చెప్పినవాడను. కంటియెదుట కనబడినపుడు అక్షరదోషము లెక్కించితిని. పిమ్మట కొన్నేండ్లకు ‘స్వయంవరము’ చూచినప్పుడు, మూసిన తలుపువైపు చూచు సీతలో నాకా బాలికయే కనబడినది.

పెద్దలారా! మన యిండ్లలో, మన బడులలో, యాస వేరని, పలుకు తప్పని, ఆడుపిల్లకేలనని మనము వెనుకకు నెట్టిన పిల్లలెందరో. మాట నేర్పవచ్చును; శారదకైనట్లు మాట నరువు తేవచ్చును. లోపలినుండి వచ్చునది నేర్పువారు లేరు, అరువిచ్చువారు లేరు. ఈసారి మీ మనుమరాలు ఏదేని వేషము వేసి మీ యెదుట నిలిచినపుడు, తప్పులెన్నుటకు ముందు ఒక్క క్షణము ఆమె ముఖము చూడుడు. నేను చూచియు చేయని పనిని మీరు చేయుడు.

సెలవు.