అమ్మ తీసుకోని కాంపోజిట్ లెక్కలు

"నాకు లెక్కలు రావే" అంటుంది మా అమ్మ, ఇప్పటికీ. కొబ్బరి దింపు రోజున మాత్రం, వెయ్యి కాయల ధర ఇంతని చెప్పగానే, దింపు కూలీ, వలుపు కూలీ పోను చేతికెంత మిగులుతుందో నాన్న కాగితం తీసేలోపే చెప్పేసేది. లెక్కలు రాని మనిషి!

అమ్మ కొత్తపేట దగ్గర ఓ హైస్కూల్లో చదివింది. ఆ రోజుల్లో లెక్కలు రెండు రకాలు, కాంపోజిట్, జనరల్. సైన్సు, ఇంజనీరింగ్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి కాంపోజిట్. మావయ్య అదే తీసుకున్నాడు. అమ్మకి జనరల్. ఎవరు నిర్ణయించారమ్మా అంటే, "నిర్ణయించేదేముంది, మా ఆడపిల్లలందరం జనరలే" అంది. పద్నాలుగేళ్ళకి అలా ఒక దారి మూసేసి, తర్వాత "దానికి లెక్కలంటే ఇష్టం లేదు" అన్నారు. వినీ వినీ అమ్మ కూడా నమ్మేసింది.

దానికి తోడు మాది గోదావరి పాయల మధ్య ఊరు. అమలాపురంలో 1951లో ఎస్.కె.బి.ఆర్. కాలేజీ వచ్చినా, ఇంజనీరింగ్ అంటే పంటు ఎక్కి ఏరు దాటి కాకినాడ పోవాల్సిందే. మగపిల్లాడైతే గది అద్దెకి తీసుకుని వండుకు తింటాడు. ఆడపిల్ల ఎక్కడుంటుంది?

ఈ ప్రశ్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికీ ఎదురైంది. 1909లో రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చిన మనిషి. ఆ తర్వాత చదువుకుందామని కాశీ విశ్వవిద్యాలయానికి వెళితే, రాజనీతి శాస్త్రం మగవాళ్ళ సబ్జెక్టన్నారట. తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అప్పటికే రాజకీయాల్లో నలిగి వచ్చిన ఆవిడకి ఆ మాట! సరే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అడిగితే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. ఆవిడ పేపర్లో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని పోగు చేసి, తామే హాస్టల్ పెట్టుకున్నారు. అలా సీటు సంపాదించారు. ఆ అమ్మాయిలంతా అంతకుముందు ఎక్కడున్నారు? ఇళ్ళల్లోనే. చదువు మీద ఆసక్తి లేనివాళ్ళని పేరు పడి ఉంటుంది పాపం.

1958లో స్త్రీ విద్య మీద కేంద్రం వేసిన జాతీయ కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు. 1960లలో హంసా మెహతా కమిటీ ఇంకా సూటిగా, అబ్బాయిలకో పాఠం అమ్మాయిలకో పాఠం వద్దంది. హోమ్ సైన్స్ ఆడపిల్లలకి తప్పనిసరి చేయొద్దని కొఠారీ కమిషన్ కూడా చెప్పింది. అంటే అమ్మ హైస్కూల్లో ఉన్న రోజులకే ఆ మాట కాగితం మీదకి వచ్చింది. మా ఊరికి రావడానికే చాలా కాలం పట్టింది.

ఇప్పుడు మా అన్నయ్య కూతురు ఇంటర్‌లో చేరింది. "ఆడపిల్ల, బైపీసీ అయితే బావుంటుంది" అని ఇంట్లో అందరూ అన్నారు, నేనూ అన్నాను. అది ఎంపీసీ తీసుకుంది.

మొన్న దాని లెక్కల పుస్తకం అమ్మ చేతిలో కనబడింది. కళ్ళజోడు తుడుచుకుంటూ, "కాంపోజిట్‌లో ఇవే ఉండేవా?" అని మావయ్యకి ఫోన్ చేసి అడుగుతోంది.