షడ్జమం లేని సంగీతం, నాలుగు తీర్పులు

మన కచేరీలో గాయకుడు గొంతు విప్పకముందే తంబుర షడ్జమాన్ని నిలబెడుతుంది. ఆ తర్వాత రాగం ఎంత దూరం నడిచినా, ఎన్ని వంపులు తిరిగినా వినేవాళ్ల చెవి ఆ షడ్జమం దగ్గరే కుదుటపడుతుంది. యూరప్ సంగీతంలో తంబుర లేదు. ఆధారస్వరం మాత్రం అక్కడా ఉంది. బాఖ్ నుంచి బ్రామ్స్ దాకా దాదాపు ప్రతి రచనా ఒక స్వరం దగ్గర బయలుదేరి, ఊరంతా తిరిగి, మళ్లీ ఆ ఇంటికే చేరేది. వియన్నాలో పుట్టిన ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ 1908 ప్రాంతంలో ఆ ఇల్లు లేకుండానే రాయడం మొదలుపెట్టాడు. 1920ల తొలినాళ్లలో దానికి ఒక కట్టుబాటు కూడా ఏర్పరిచాడు. పన్నెండు స్వరస్థానాలనూ స్వరకర్త తనకు నచ్చిన వరుసలో పేర్చుకోవాలి. మిగతా పదకొండూ పలికేదాకా ఏ స్వరమూ తిరిగి తలెత్తకూడదు. ఆ వరుసను వెనక నుంచి ముందుకు నడపవచ్చు, తలకిందులు చేయవచ్చు, తలకిందులైన దాన్ని మళ్లీ వెనక్కి నడపవచ్చు. ఈ నాలుగు రూపాలనూ పన్నెండు స్వరాల్లో దేనినుంచైనా ఎత్తుకోవచ్చు కాబట్టి మొత్తం 48 రూపాలు. 1923లో ముగించిన పియానో సూట్‌ను ఆయన ఆసాంతం ఒకే వరుస మీద కట్టాడు. ఇంతవరకూ ఇది కాగితం మీద లెక్క. ఇందులో జాతి లేదు, వర్గం లేదు, జెండా లేదు. అయినా తర్వాతి నలభై ఏళ్లలో ఈ లెక్కకు బెర్లిన్‌లో ఒక రాజకీయం అంటగట్టారు. మాస్కోలో దానికి సరిగ్గా ఎదురుది అంటగట్టారు. పశ్చిమ దేశాల్లో మూడోది తగిలించారు. ఇటలీకి చెందిన ఒక కమ్యూనిస్టు నాలుగోది వినిపించాడు.

ఒక శైలిని పట్టుకుని ఇది ప్రగతిశీలం, అది తిరోగమనం, ఇది స్వేచ్ఛ, అది బానిసత్వం అనడం సంగీత చరిత్రలో అలవాటైన మాట. ఆ అలవాటు తప్పు అని షోన్‌బెర్గ్ కట్టిన ఈ ద్వాదశ స్వర పద్ధతి నడిచిన దారి చూపిస్తుంది. శైలికి రాజకీయం పుట్టుకతో రాదు. సభామందిరం, రేడియో, కళాశాల పదవి, అచ్చుకాగితం ఎవరి చేతిలో ఉంటాయో వాళ్లు దాన్ని అద్దుతారు. చేతులు మారితే రంగూ మారుతుంది. షోన్‌బెర్గ్ విషయంలోనే ఇది మొదటి అడుగు నుంచి కనిపిస్తుంది. ఇంత తెగువ చూపిన మనిషి విప్లవకారుడై ఉంటాడని అనుకుంటాం. ఆయన మాత్రం రాచరికాన్ని అభిమానించిన సంప్రదాయవాది. తాను కనిపెట్టిన పద్ధతి మరో వందేళ్ల పాటు జర్మన్ సంగీతపు ఆధిక్యాన్ని నిలబెడుతుందని శిష్యుడు యోసెఫ్ రూఫర్‌తో చెప్పాడని ప్రతీతి. బాఖ్, బీథోవెన్, బ్రామ్స్‌ల వంశంలోని వారసుడిగానే తనను తాను చూసుకున్నాడు.

ఆ జర్మనీయే ఆయన్ను గెంటేసింది. 1933లో నాజీలు గద్దెనెక్కగానే ప్రష్యన్ కళల అకాడమీలో ఆయన ఆచార్య పదవి పోయింది. యువకుడిగా ఉన్నప్పుడు క్రైస్తవం తీసుకున్న షోన్‌బెర్గ్ ఆ జూలైలో పారిస్‌లో తిరిగి యూదు మతాన్ని స్వీకరించి, ఆ ఏడే అమెరికా చేరాడు. 1938 మేలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ‘భ్రష్ట సంగీతం’ పేరిట ఒక ప్రదర్శన పెట్టారు. శాక్సొఫోన్ వాయించే నల్లజాతి సంగీతకారుడి ఛాతీ మీద యూదుల నక్షత్రం అతికించిన బొమ్మ దాని ప్రచారపత్రం. నిర్వాహకుడు హాన్స్ సెవెరస్ జీగ్లర్ దృష్టిలో మూడు స్వరాల సంవాదం జర్మన్ జాతి సొత్తు. దాన్ని ఛిద్రం చేయడం యూదుల పని, బోల్షివిజం చాటున సాగే పని. కొట్టివేతకు ఇంతకంటే స్పష్టమైన సిద్ధాంతం ఉండదు. ఆ సిద్ధాంతమే నిజమైతే నాజీ జర్మనీలో ఒక్క ద్వాదశ స్వర రచన కూడా వినిపించి ఉండకూడదు. వాస్తవం వేరుగా ఉంది.

డెన్మార్క్‌లో పుట్టి జర్మనీలో పేరు తెచ్చుకున్న పౌల్ ఫాన్ క్లేనౌ ద్వాదశ స్వరాలను తనదైన తీరులో వాడి ఒపెరాలు రాశాడు. ‘మిఖాయెల్ కోల్‌హాస్’ 1933లో స్టుట్‌గార్ట్‌లో, ‘రెంబ్రాంట్ ఫాన్ రైన్’ 1937లో బెర్లిన్‌లో రంగస్థలం ఎక్కాయి. తనది భ్రష్ట సంగీతమన్న విమర్శకు 1934లో జవాబిస్తూ, కఠినమైన నియమం, క్రమశిక్షణ ఉన్న ఈ పద్ధతి నేషనల్ సోషలిస్టు లోకానికి తగినదేనని ఆయన వాదించాడు. ఆయన యూదుడు కాడు, షోన్‌బెర్గ్ పేరు ఎత్తలేదు, కథలు జర్మన్ అభిరుచికి నప్పేవి. తలుపు తెరుచుకోవడానికి అంతే సరిపోయింది. షోన్‌బెర్గ్ ప్రియశిష్యుడు ఆంటోన్ వేబెర్న్ సంగీతాన్ని నాజీలు నిషేధించారు. అదే వేబెర్న్ యుద్ధం తొలి ఏళ్లలో రాసిన ఉత్తరాల్లో హిట్లర్ విజయాల పట్ల ఉత్సాహం చదివితే మనసు చివుక్కుమంటుంది. ఇటలీలో వింత ఇంకా పెద్దది. షోన్‌బెర్గ్ మరో శిష్యుడు ఆల్బన్ బెర్గ్ రాసిన ఒపెరా ‘వోట్‌సెక్’ను జర్మనీలో వినిపించనివ్వని రోజుల్లో, 1942లో, ఆ జర్మనీకి మిత్రదేశమైన ఇటలీ రాజధాని రోమ్‌లో టుల్లియో సెరాఫిన్ సారథ్యంలో దాన్ని ప్రదర్శించారు. అంతకు ముందు ఏడాది అదే నగరంలో లుయీజీ దల్లపిక్కొలా ‘కాంతి ది ప్రిజొనీయా’ మొదటిసారి వినిపించింది. ముస్సోలినీ తెచ్చిన జాతి చట్టాలను చూసి కడుపు మండి, ద్వాదశ స్వరాల వరుసలను కూడా వాడుకుంటూ దల్లపిక్కొలా కట్టిన ఖైదీల గీతాలవి. ఆయన భార్య యూదు స్త్రీ. ఒకే పద్ధతి జర్మనీలో జాతిద్రోహం, అక్కడే క్లేనౌ చేతిలో జాతి క్రమశిక్షణ, రోమ్‌లో జాతి చట్టాల మీద నిరసన. ఈ మూడింటికీ మధ్య ఎడం పదేళ్లు లేదు.

ఇక మాస్కో. 1927లో లెనిన్‌గ్రాడ్ ‘వోట్‌సెక్’ను ఆదరంగా పిలిచి ఆడించింది. బెర్గ్ స్వయంగా వెళ్లి చూశాడు. అప్పుడు అది పెట్టుబడిదారీ సమాజం నలిపేసిన పేద సైనికుడి కథ. తొమ్మిదేళ్లు తిరక్కుండానే, 1936 జనవరి 28న, సోవియట్ స్వరకర్త షొస్తకోవిచ్ ఒపెరా ‘లేడీ మాక్బెత్’ మీద పార్టీ పత్రిక ప్రావ్దా సంపాదకీయం విరుచుకుపడింది. రెండు రోజుల ముందు స్టాలిన్ ఆ ఒపెరా చూశాడు. 1948 ఫిబ్రవరి 10న పార్టీ కేంద్ర కమిటీ షొస్తకోవిచ్, ప్రొకోఫియెవ్, ఖచతూర్యాన్, మ్యాస్కోవ్‌స్కీ తదితరులను పేరుపేరునా ‘ఫార్మలిస్టులు’, అంటే రూపమే సర్వస్వమనుకునేవాళ్లు, అని నిలదీసింది. షొస్తకోవిచ్ మాస్కో, లెనిన్‌గ్రాడ్ సంగీత కళాశాలల్లోని ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. ప్రజలకు అర్థంకాని శ్రుతిరహిత సంగీతం క్షీణించిన బూర్జువా సంస్కృతి గుర్తు అన్నది తీర్పు సారాంశం. జీగ్లర్ దీన్నే బోల్షివిజం అన్నాడని గుర్తు చేసుకుంటే చాలు. శత్రువు పేరు మారింది, ఆరోపణ మారలేదు. వాళ్లు తిట్టిన పద్ధతిలోనే హాన్స్ ఐస్లర్ అనే కమ్యూనిస్టు, షోన్‌బెర్గ్ శిష్యుడు, ఫాసిజానికి వ్యతిరేకంగా కవి బ్రెఖ్ట్ మాటలతో ‘జర్మన్ సింఫనీ’ రాస్తూ వచ్చాడు. అమెరికా అతన్ని కమ్యూనిస్టని విచారించి 1948లో దేశం దాటించింది. తూర్పు జర్మనీ జాతీయగీతానికి బాణీ కట్టిన ఐస్లర్‌ను అక్కడి పార్టీ కూడా ఒక ఒపెరా పాఠం కోసం 1953లో తీవ్రంగా మందలించింది.

శైలికీ రాజకీయానికీ పుట్టుబంధం ఉందనే వాళ్లు ఆరన్ కోప్లాండ్ సంగతి కూడా చూడాలి. జానపద బాణీలతో, సరళమైన శ్రుతులతో, సాదా జనానికి అందే సంగీతం రాసిన అమెరికన్ ఆయన. సోవియట్ విధానం తన స్వరకర్తల నుంచి కోరింది దాదాపు అటువంటి సంగీతాన్నే. ఆ కోప్లాండ్ రాసిన ‘లింకన్ పోర్ట్రెయిట్’ను 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ పదవీ స్వీకార సందర్భపు కచేరీ నుంచి తొలగించారు. ఒక కాంగ్రెస్ సభ్యుడు ఆయన పాత వామపక్ష సంబంధాలను ఎత్తిచూపడమే కారణం. ఆ ఏడు మేలో సెనేటర్ మెకార్తీ ఉపసంఘం ఆయన్ను మూసిన తలుపుల వెనక ప్రశ్నించింది. దేశభక్తిని చాటే సంగీతం ఆయన్ను కాపాడలేదు. 1962లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో కొత్త మందిరం ప్రారంభానికి కోప్లాండ్ ఇచ్చిన రచన ద్వాదశ స్వరాలది. విన్న శ్రోతలు ఇబ్బంది పడ్డారు. దాన్ని దేశద్రోహమని ఎవరూ అనలేదు.

మూడో తీర్పు ఈ పద్ధతిని స్వేచ్ఛకు గుర్తుగా చూపించింది. 1946లో వోల్ఫ్‌గాంగ్ స్టైనెకె అమెరికా సైనిక పాలన సాయంతో డార్మ్‌స్టాట్‌లో వేసవి సంగీత పాఠాలు మొదలుపెట్టాడు. 1950లో పశ్చిమ బెర్లిన్‌లో ‘కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడం’ పుట్టింది. స్వరకర్త నికొలస్ నబొకోవ్ దాని ప్రధాన కార్యదర్శిగా 1952లో పారిస్‌లో నెల రోజుల ఉత్సవం జరిపాడు. అక్కడే ఫ్రెంచ్ స్వరకర్తలు బూలేజ్, మెస్సియాన్ ఇద్దరూ కూర్చుని బూలేజ్ రాసిన ‘స్ట్రక్చర్స్’లో మొదటి భాగం రెండు పియానోల మీద వినిపించారు. వరుస సూత్రాన్ని స్వరాలకే కాక కాలప్రమాణానికి, ధ్వని తీవ్రతకు కూడా వర్తింపజేసిన రచన అది. ఈ కాంగ్రెస్ నడిచింది సీఐఏ రహస్య ధనంతో అని 1966, 67లో బయటపడింది. ఇదే నబొకోవ్ 1949 మార్చిలో న్యూయార్క్ శాంతి సభకు వచ్చిన షొస్తకోవిచ్‌ను, స్ట్రావిన్‌స్కీ వంటి వారిని సోవియట్ పత్రిక నిందించడాన్ని మీరు సమర్థిస్తారా అని నిండు సభలో అడిగాడు. కాదంటే ఆ మనిషి ఇంటికి తిరిగి వెళ్లాక ఏమవుతాడో అడిగినవాడికి తెలుసు. షొస్తకోవిచ్ సమర్థిస్తానన్నాడు. కళాకారుడి స్వేచ్ఛ పేరు చెప్పి ఒక కళాకారుణ్ని అలా గోడకు నొక్కిపెట్టడాన్ని క్షమించడం కష్టం.

దీని నుంచి యుద్ధానంతర నవ్యసంగీతమంతా సీఐఏ సృష్టి అని తేల్చే రచనలు వచ్చాయి. ఆ నిర్ణయానికి ఆధారాలు చాలవు. పారిస్ ఉత్సవంలో పెద్దపీట స్ట్రావిన్‌స్కీ తరానికి దక్కింది. బూలేజ్ వంటి యువకులకు దక్కింది ఒక మూల. నబొకోవ్‌కు ఈ పద్ధతి మీద మమకారమేమీ లేదు. బూలేజ్‌కు నబొకోవ్ ఉత్సవాల మీద గౌరవం లేదు, ఆ మాట ఘాటుగానే చెప్పాడు. డార్మ్‌స్టాట్‌లో కూడా తొలి రెండేళ్లు హిండెమిత్ ప్రభావమే ఎక్కువ. 1948లో రెనె లైబొవిట్స్ వచ్చాక గానీ షోన్‌బెర్గ్ పద్ధతి అక్కడ వేళ్లూనలేదు. పన్నెండేళ్ల పాటు నాజీలు వినకుండా చేసినదాన్ని వినాలనే దాహం ఆ యువతరానిది. రహస్య నిధులు ఆ దాహాన్ని పుట్టించలేదు. ఉన్నదాన్ని వాడుకున్నాయి. నిధి ఇచ్చినవాడి ఉద్దేశం స్వరకర్త ఉద్దేశమైపోదు.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ జర్మన్ తత్త్వవేత్త థియొడోర్ అడోర్నోది. 1949లో అచ్చయిన ‘నవ్య సంగీత తత్త్వం’లో ఆయన సమాజంలోని వైరుధ్యాలు స్వరాల అల్లికలోనే పేరుకుని ఉంటాయన్నాడు. గాయపడిన లోకం గురించి అబద్ధం చెప్పనిది షోన్‌బెర్గ్ అపస్వరమేనని వాదించాడు. ఈ మాటలో నిజం పాలు ఉంది. ఏ స్వరకర్తా శూన్యంలో రాయడు. చిక్కల్లా ఆ అల్లికను చదివే తీరులో ఉంది. పన్నెండు స్వరాలకూ సమాన హక్కు కాబట్టి ఇది ప్రజాస్వామ్యం అని చదవవచ్చు. ఒక్క స్వరం కూడా వరుస తప్పకూడదు కాబట్టి నిరంకుశత్వం అనీ చదవవచ్చు. క్లేనౌ రెండో చదువును మెచ్చుకోలుగా వాడుకున్నాడు. అడోర్నో కూడా అదే పుస్తకంలో ఈ పద్ధతి స్వరకర్తను తన నియమానికే బందీని చేస్తుందని హెచ్చరించాడు. పరస్పర విరుద్ధమైన అర్థాలను ఒకే స్వరాల అమరిక సమానంగా మోయగలిగినప్పుడు, ఆ అర్థం అమరికలో ఉందని చెప్పలేం.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. అన్ని శైలులూ అన్ని పనులకూ ఒకేలా పనికిరావు. పది వేల మందిని ఒక్క అడుగుతో నడిపించడానికి వేబెర్న్ పనికిరాడు. కవాతు బాణీ కావాలి. జనసమూహాన్ని కూడగట్టి బతికే ప్రభుత్వాలకు ఈ సంగీతం మీద అందుకే చిరాకు. మా దగ్గర ఎవరికి తోచింది వాళ్లు రాసుకోవచ్చని ప్రపంచానికి చూపించాలనుకున్న ప్రభుత్వాలకు, జనానికి నచ్చకపోవడమే అక్కరకొచ్చింది. ఇది వాడకానికి సంబంధించిన తేడా. ఆ వాడకమైనా ఎంత అటూ ఇటూ పోగలదో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ చెబుతుంది. 1942లో హిట్లర్ పుట్టినరోజు సందర్భంగా దాన్ని ఫుర్ట్‌వెంగ్లర్ సారథ్యంలో వాయించారు. 1974లో తెల్లవాళ్ల రొడీషియా దాని బాణీని జాతీయగీతం చేసుకుంది. 1989లో బెర్లిన్ గోడ కూలాక ఆ నగరంలో బెర్న్‌స్టైన్ సారథ్యంలో వాయించారు.

అలాగైతే స్వరకర్తకు ఏ బాధ్యతా లేదా? ఉంది, శైలిని తప్పుపట్టడం మానుకున్నప్పుడే అది స్పష్టంగా కనబడుతుంది. ఎవరి మాటలకు స్వరం కట్టాడు, ఎవరి సొమ్ముతో, ఎవరి ముందు, ఎవరి గురించి మౌనంగా ఉండి అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. షోన్‌బెర్గ్ 1947లో వార్సా యూదుల సంహారం మీద రాసినప్పుడు కథకుడి నోట ఇంగ్లిష్, సైనికుడి అరుపులకు జర్మన్, చివరి ప్రార్థనకు హీబ్రూ పెట్టాడు. అవి ఆయన చేసిన ఎంపికలు. షోన్‌బెర్గ్ అల్లుడు, ఇటలీ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు లుయీజీ నోనో ‘ఇల్ కాంతో సొస్పేసొ’లో నాజీల చేతిలో మరణశిక్ష పడిన ప్రతిఘటన యోధులు ఆఖరిసారి ఇంటికి రాసిన ఉత్తరాలకు వరుస పద్ధతిలో స్వరం కట్టాడు. 1956లో కొలోన్‌లో దాన్ని మొదట వినిపించారు. అక్షరాలు గొంతుల మధ్య చెదిరిపోయి మాట వినబడటం లేదని స్వరకర్త స్టాక్‌హౌసెన్ విమర్శించాడు. మాట అర్థం సంగీతంలోకి ఇంకిందని నోనో నమ్మకం. ఈ తగవులో ఎవరి పక్షం వహించినా, ఆ రచన రాజకీయం ఆ ఉత్తరాల్లో, వాటిని ఎంచుకున్న మనిషిలో ఉంది. మాస్కో దృష్టిలో బూర్జువా అయిన పద్ధతి, సీఐఏ నిధుల వేదిక మీద స్వేచ్ఛగా చూపిన పద్ధతి, ఇక్కడ మరణశిక్ష పడిన ప్రతిఘటన యోధుల గొంతు అయింది.

సోవియట్ నేల మీద కూడా కాలం కదిలింది. 1956లో ఆంద్రేయ్ వొల్కోన్‌స్కీ ‘మ్యూజికా స్ట్రిక్టా’ అనే పియానో రచన ద్వాదశ స్వర పద్ధతిలో రాశాడు. 1961లో పియానిస్టు మరియా యూదినా దాన్ని వినిపించింది. 1957 మేలో కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ మాస్కో సంగీత కళాశాలలో బెర్గ్, వేబెర్న్, క్రెనెక్‌లను వాయించి విద్యార్థులకు వివరించాడు. 1958లో పార్టీ తన 1948 తీర్మానంలోని నిందలను సవరించుకుంది. 1968లో షొస్తకోవిచ్ తన పన్నెండో స్ట్రింగ్ క్వార్టెట్ రాశాడు. అప్పటికీ స్వరకర్తల సంఘానికి అధిపతి 1948లో ఆ కుర్చీ ఎక్కిన తిఖొన్ ఖ్రెన్నికోవే. ఆ క్వార్టెట్ మొదట్లో చెల్లో ఒంటరిగా పన్నెండు స్వరాలనూ ఒక్కటీ తిరిగి రాకుండా వరుసగా పలుకుతుంది, పలికి తన షడ్జమం మీదకు దిగుతుంది.